అందరికీ సమ్మతమే, నీ మాటేమిటి?

తాతా సోమశేఖరం మాస్టారిని ప్రశ్న అడిగినవాడు జవాబుతో ఇంటికి వెళ్ళిన దాఖలా పైడివలసలో లేదు. ఏదో ఒక పని నెత్తిన వేసుకుని వెళ్ళవలసిందే. పన్ను ఎందుకు కట్టాలని వాదించిన ప్లీడరు విఘ్నేశ్వర్రావు చేత ఆయన వీధి కొళాయి దగ్గర ఒక పూట నీళ్ళు పట్టించారు. శిక్ష లేకుండా రాజ్యం నడవదా అని అడిగిన శశిరేఖమ్మగారిది మరీ కష్టం. ఉద్యోగమంతా బడిని బెత్తంతో నడిపిన ప్రధానోపాధ్యాయురాలు ఆవిడ. ఒక రోజంతా ఇంట్లో ఎవరినీ కసరకుండా ఉండి రమ్మన్నారు మాస్టారు. ఆవిడ మధ్యాహ్నానికే వచ్చి ఓటమి ఒప్పుకున్నారు.

కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరయ్యాక మాస్టారు ఆదివారం ఉదయం తన ఇంటి అరుగు మీద పాత రాజనీతి పాఠం పెట్టారు. రాజు, మంత్రి, జనపదం, కోట, బొక్కసం, సేన, మిత్రుడు అనే ఏడు అంగాలు ఏమిటి, రాజు లేని గణాలు సభ పెట్టుకుని ఎలా నడిచాయి, దండం ఎప్పుడు కాపాడుతుంది, ఎప్పుడు కాలుస్తుంది అన్నవి అక్కడి పాఠాలు. పరీక్షలూ లేవు, పట్టాలూ లేవు, ఫీజు అసలే లేదు. అందుకే కాబోలు వినేవాళ్ళు నలుగురే మిగిలారు. ప్లీడరు, శశిరేఖమ్మగారు, వీధి చివర హోమియో డాక్టరు ఖాదర్ బాబు, నాలుగోవాడు గెడ్డవలస జలాశయం మత్స్యకారుల సంఘానికి అధ్యక్షుడు మైలపల్లి దానయ్య.

దానయ్య మొదటిరోజు వచ్చినప్పుడు పాఠం మత్స్యన్యాయం దగ్గర ఉంది. దండించేవాడు లేనిచోట పెద్ద చేప చిన్న చేపను మింగుతుందని మాస్టారు చెబుతుంటే, మెట్ల దగ్గర నిలబడి విన్న దానయ్య ఉండబట్టలేక అనేశాడు. “దండించేవాడున్నా మింగుతుందండీ. మేం రోజూ చూస్తున్నదే.” మాస్టారు గట్టిగా నవ్వి, స్తంభం పక్కన అతనికో చాప వేయించారు. ఆ చాప ఆనాటి నుంచి అతనిదే. గెడ్డవలస నుంచి బస్సు పట్టుకుని రావాలి. అయినా ఒక్క ఆదివారం తప్పలేదు.

ఆ సంవత్సరం దానయ్యకు కాలం బాగాలేదు. జలాశయం మీద చేపల హక్కును బయటి కాంట్రాక్టరు ఒకడు అడుగుతున్నాడు. ఇవ్వాలా వద్దా అన్నది సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి తేల్చాలి. హక్కు చేజారితే గెడ్డవలస వాళ్ళు తమ నీళ్ళ మీద తామే కూలీలవుతారు. ఆ సంగతి ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలుసు. కమిటీ వాళ్ళు నిలబడితే ఊరు నిలబడుతుందని దానయ్య ధైర్యం. సరిగ్గా ఆ ధైర్యానికే చెద పట్టింది. కమిటీలో తన కుడిభుజమని అనుకున్న చోడిపల్లి ఎర్రన్న బస్టాండు దగ్గర కాంట్రాక్టరు మనిషితో కలిసి టీ తాగుతూ కనబడ్డాడు.

ఇద్దరూ ఒకే పడవలో పెరిగినవాళ్ళు. ఆ టీ ఏమిటని నిలదీసి అడిగితే పోయేది. అడగలేదు. అడక్కుండా ఊరుకున్న మాట కడుపులో ఊరికే ఉంటుందా? ఎర్రన్న నవ్వితే ఏదో దాస్తున్నాడనిపించింది. నవ్వకపోతే దాచింది బరువెక్కిందనిపించింది. క్రమంగా ఆ అనుమానం ఎర్రన్నతో ఆగలేదు. గవర్రాజు వల మార్చాడేం? సింహాచలం కొత్త చొక్కా ఎక్కడిది? కమిటీలో ఒక్కొక్కడి మొహం చూడ్డం, లోపల ఏముందోనని తవ్వుకోవడం. దానయ్యకు అన్నం సయించడం మానేసింది.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం మాస్టారు ఉపధల గురించి చెప్పారు. మంత్రుల మనసు తెలుసుకోవడానికి పాతకాలపు రాజు పెట్టే రహస్య పరీక్షలవి. రాజు ఒక పెద్దమనిషిని ఉత్తుత్తినే అవమానించి కొలువులోంచి తీసేస్తాడు. ఆ మనిషి కోపం నటిస్తూ ఒక్కొక్క మంత్రి ఇంటికీ రహస్యంగా వెళ్ళి, “ఈ రాజు దుర్మార్గుడు, వేరొకణ్ణి కూర్చోబెడదాం. అందరికీ సమ్మతమే, నీ మాటేమిటి?” అంటాడు. ఛీ పొమ్మన్నవాడు శుద్ధుడు. సరేనన్నవాడి సంగతి రాజు చూసుకుంటాడు.

పాఠం అయిపోయి మిగతా ముగ్గురూ లేచి వెళ్ళాక కూడా దానయ్య తన చాప మీదే కూర్చున్నాడు.

“మాస్టారూ, నమ్మదగినవాడెవడో పాలించేవాడికి ఎలా తెలుస్తుంది? ఇందాక చెప్పిన ఉపాయం ఈ రోజుల్లో పనికొస్తుందా?”

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఎవరి మీద నీ అనుమానం?”

దానయ్య చాప అంచు సర్దాడు. “అబ్బే, పాఠం కోసమే అడిగానండీ.”

“అయితే పాఠం మీదే చేసి చూద్దాం. మన పాఠానికి వచ్చే మిగతా ముగ్గురి దగ్గరికీ విడివిడిగా వెళ్ళు. ‘మాస్టారి పాత కబుర్లు ఈ కాలానికి పనికిరావు, ఆ అరుగెక్కడం మానేద్దామనుకుంటున్నాం. అందరికీ సమ్మతమే, మీ మాటేమిటి?’ అని అడుగు. ఏమన్నారో వచ్చే ఆదివారం వచ్చి చెప్పు. అప్పటిదాకా మీ ఊళ్ళో మాత్రం ఎవరినీ ఏమీ అడగకు.”

బస్సులో కూర్చున్నాక దానయ్యకు ఆ చివరి మాట గుచ్చుకుంది. మా ఊళ్ళో అడగొద్దన్నారేం? అసలు ఈయన పరీక్షిస్తున్నది వాళ్ళనా, నన్నా? శిష్యుడు గురువునే అనుమానించే స్థితికి వచ్చాక మిగిలిందేముంది గనక. అయినా పని పనే. వారం మధ్యలో వీలు చూసుకుని మళ్ళీ పైడివలస వచ్చి, ముగ్గురి గుమ్మాలూ తొక్కాడు.

ప్లీడరుగారు విన్నంతనే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “కోర్టులో రోజంతా అబద్ధాలు విన్నవాణ్ణి, నాకు వారానికొక నిజం వినబడేది అక్కడేనయ్యా. నేను మానను” అన్నారు. శశిరేఖమ్మగారు అతన్ని తేరిపార చూశారు. ఆ చూపుకు ఎన్ని తరాల పిల్లలు లాగులు తడుపుకున్నారో దానయ్యకు అప్పుడు అర్థమైంది. ఆపైన, “నువ్వు కూడానా?” అని ఒక్కమాట అని తలుపేసుకున్నారు. ఖాదర్ బాబు చాలా బాధపడ్డాడు. మందు పొట్లం కడుతున్నవాడల్లా చేతులు ఆపేసి, “మాస్టారికి తెలిస్తే ఏమైపోతారు దానయ్యగారూ? నావల్ల కాదండీ” అన్నాడు.

ముగ్గురూ బంగారం! దానయ్య బస్టాండు దాకా గాల్లో నడిచాడు. ఎవరి మనసు ఎలాంటిదో ఇన్నాళ్ళూ చీకట్లో తడుముకున్నవాడికి దీపం దొరికింది. పాతవాళ్ళు ఎంత గట్టివాళ్ళు! రాజులు పోయారు గానీ ఉపాయం నిక్షేపంలా పనిచేస్తోంది. ఇంత పదునైన కత్తి చేతిలో పెట్టి, ఆదివారం దాకా ఒరలోంచి తీయవద్దంటే ఎలా? సమావేశం చూస్తే సోమవారమే. మాస్టారు మర్యాదకు అలా అని ఉంటారని తనకు తానే సర్ది చెప్పుకున్నాడు.

వలదారం అమ్ముకుంటూ ఊరూరూ తిరిగే సూరప్పడు దానయ్యకు బాగా కావలసినవాడు. గెడ్డవలసలో ప్రతి ఇంటి పెరట్లోకీ చనువుగా వెళ్ళగలడు. గూఢచారులు వర్తకుల వేషంలో తిరిగేవారని పాఠంలో విన్నది గుర్తొచ్చి దానయ్య లోలోపల మురిసిపోయాడు కూడా. శుక్రవారం సూరప్పడు దారం కట్టలు భుజాన వేసుకుని కమిటీ వాళ్ళ ఇళ్ళన్నీ తిరిగాడు. కాంట్రాక్టరు తరఫున వచ్చినట్టు గొంతు తగ్గించి, అందరికీ అదే మాట చెప్పాడు. హక్కు ఇచ్చేయడానికి అందరికీ సమ్మతమే, నీ మాటేటి?

దానయ్య శనివారం సంఘం పని మీద పైడివలస వచ్చి చెల్లెలింట్లో దిగాడు. సాయంత్రం సూరప్పడు అక్కడికే వచ్చి ఫలితం చెప్పాడు. ఒక్కడూ ఒప్పుకోలేదు. గవర్రాజు తిట్టాడు. సింహాచలం దండం పెట్టి పొమ్మన్నాడు. ఎర్రన్నయితే తెడ్డు పుచ్చుకుని వీధి చివరిదాకా తరిమాడు. ఆ పూట దానయ్య రెండుసార్లు కూర వేయించుకుని కడుపునిండా తిన్నాడు.

ఆదివారం అందరికంటే ముందు వెళ్ళాడు. అరుగు ఊడ్చి ఉంది. చాపలు పరిచి ఉన్నాయి. మాస్టారు పుస్తకం ముందు పెట్టుకుని వీధివైపు చూస్తూ కూర్చున్నారు.

“ముగ్గురూ నెగ్గారు మాస్టారూ!” అన్నాడు దానయ్య మెట్లెక్కుతూనే. ఎవరేమన్నారో పూసగుచ్చినట్టు చెప్పాడు. మాస్టారు శ్రద్ధగా విన్నారు. “సంతోషం. రానీ, వాళ్ళు వచ్చాక పాఠం మొదలుపెడదాం” అన్నారు.

పాలవాడు వచ్చి వెళ్ళాడు. కూరగాయల బండి వచ్చి వెళ్ళింది. ఎండ అరుగు అంచు దాటి మొదటి చాప మీదికి వచ్చింది. ప్లీడరుగారి జాడ లేదు. గడియారం కంటే ముందు నడిచే శశిరేఖమ్మగారు కూడా రాలేదు. దానయ్య మాటిమాటికీ వీధిలోకి తొంగిచూశాడు. మాస్టారు మాత్రం కదలలేదు. ఖాళీ చాపల ముందు ఆ ముసలాయన అలా నిటారుగా కూర్చుని ఉండడం చూడలేక, దానయ్య చెప్పులైనా వేసుకోకుండా వీధి చివరికి పరుగెత్తాడు.

ఖాదర్ బాబు ఉతికిన చొక్కా తొడుక్కుని, పాఠానికి తెచ్చే సంచీ కూడా భుజాన వేసుకుని, తన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

“బయల్దేరి ఆగిపోయారేం డాక్టరుగారూ? మాస్టారు ఎదురుచూస్తున్నారు!”

“ఎలా రమ్మంటారండీ? అందరూ మానేశాక నేనొక్కణ్ణే వచ్చి ఆ చాపల మధ్య కూర్చుంటే, ‘మీ శిష్యులెవరూ ఇక రారు’ అని ఆయనకు నేనే వేలుపెట్టి చూపించినట్టుండదా? ఒంట్లో బాగాలేదని కబురు పంపుదామనుకుంటున్నాను.” అంటూనే అతను దానయ్యను ఎగాదిగా చూశాడు. “అయినా మానేద్దామన్నది మీరే కదా. మీరెందుకు వచ్చారు?”

“అది ఉత్తిదండీ. పరీక్ష. మాస్టారే పెట్టమన్నారు.”

ఖాదర్ బాబు మొహంలో జాలి పోయి మరేదో వచ్చింది. “ఏది పరీక్ష దానయ్యగారూ? ఆ రోజు చెప్పిందా, ఈ రోజు చెబుతున్నదా?” అన్నాడు నెమ్మదిగా. అని, సంచీ భుజం మీంచి తీసి లోపలికి వెళ్ళిపోయాడు.

తిరిగి వస్తుంటే దానయ్య కాళ్ళకింద రోడ్డు కాలుతోంది. అది అతనికి తెలియలేదు. ముగ్గురిలో ఏ ఒక్కరూ మనసు మార్చుకోలేదు. ముగ్గురూ మానబోమన్నారు. ముగ్గురూ మానేశారు. ఒక్కొక్కరి మనసూ తనకు తెలిసింది. పక్కవాడి మనసు మాత్రం ఏ ఒక్కరికీ తెలియకుండా పోయింది. తప్పుగా తెలిసింది, తెలిపింది తనే. ఆ ఆలోచన అక్కడితో ఆగితే బాగుండేది. అది బస్సెక్కి గెడ్డవలస వెళ్ళింది. ఇంటింటికీ తిరిగిన సూరప్పడు గుర్తొచ్చి దానయ్య నడక పరుగైంది.

అరుగు దగ్గరికి వచ్చేసరికి మెట్టు మీద ఎర్రన్న కూర్చుని ఉన్నాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. పొద్దుటి బస్సు దొరక్క సగం దూరం నడిచి వచ్చాడట. మాస్టారు ఇచ్చిన మంచినీళ్ళ చెంబు చేతిలో అలాగే ఉంది, తాగలేదు.

“దానయ్యా, నీతో ఒక మాటుంది. నిజం సెప్పు, నువ్వు కూడా ఒప్పేసుకున్నావా?”

“దేనికి?”

“ఏటి దేనికి! మొన్న సూరప్పడు వొచ్చినాడు. డేము మీద హక్కు ఇచ్చేడానికి అందరికీ సమ్మతమే, నీ మాటేటి అన్నాడు. తెడ్డు తీసి తరిమేసినాను. తరిమేసినాక కూకుని ఆలోసించినాను. అందరికీ అన్నాడు గదా. అందర్లో నువ్వూ ఉన్నావు గదా.”

దానయ్య మెట్టు దగ్గరికి వచ్చి స్తంభం పట్టుకున్నాడు.

“నిన్న పొద్దున్న ఒడ్డుకెళ్ళి సూస్తే గవర్రాజు పడవ బోర్లించేసున్నాది. ఇంకేటుంది, ఈడూ ఒప్పేసుకున్నాడు, ఇంక మన ఏట అయిపోయినట్టే అనుకుని సింహాచలం ఆడి పడవా బోర్లించేసినాడు. ఆ రెండూ సూసి మిగతావోళ్ళు. నీకోసం ఇంటికెళ్తే నువ్వు లేవు, పట్నం ఎళ్ళిపోనాడన్నారు. అప్పుడు నానూ బోర్లించేసినాను దానయ్యా. మన పడవే.” ఎర్రన్న చేతిలోని చెంబులోకి చూశాడు. “రేపు అందరూ సేతులెత్తేస్తే నానొక్కణ్ణీ ముడుసుకు కూకోగలనా? పిల్లలున్నోణ్ణి. రేప్పొద్దున్న ఆ నీట్లో నన్ను వల ఎయ్యనిస్తారా?”

వేట మానేసిన పడవను ఒడ్డున బోర్లించడం గెడ్డవలస ఆనవాయితీ. వేట లేని నెలల్లో తప్ప ఆ ఒడ్డున పడవలు వెల్లకిలా కాక మరోలా కనబడిన రోజు దానయ్య ఎరగడు. ఇప్పుడు అవన్నీ వీపులు ఎండకు పెట్టి పడుకున్నాయి. వాటిని బోర్లించింది కాంట్రాక్టరు కాదు. వాడు ఇంకా వేలైనా కదపలేదు.

“బస్టాండు దగ్గర ఆడితో టీ తాగినావు గదరా,” అన్నాడు దానయ్య. అనవలసిన మాట అది కాదని నోట్లోంచి వచ్చాక తెలిసింది.

“ఆడు మా సిన్నమ్మ ఊరోడు. టీ తాగు మావా అన్నాడు. తాగినాను.” ఎర్రన్నకు ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో ముందు అందలేదు. తరవాత అందింది. చెంబు మెట్టు మీద పెట్టాడు. “సూరప్పణ్ణి నువ్వే పంపినావా?”

“నానే పంపినాను. పరీచ్చ కోసం. మీరందరూ గట్టోళ్ళో కాదో తెలుసుకుందామని.”

ఎర్రన్న తిడతాడనుకున్నాడు దానయ్య. కొట్టినా బాగుండుననుకున్నాడు. ఎర్రన్న మాత్రం బడిలో పిల్లవాడు అయ్యవారిని అడిగినట్టు అడిగాడు.

“నెగ్గినానా?”

అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. దానయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెగ్గావని తలూపాడు గానీ, ఆ తలూపు ఎర్రన్న చూడలేదు. అతను అప్పటికే వీధివైపు తిరిగిపోయి, బస్సు ఎప్పుడుందని ఎవరినో అడుగుతున్నాడు.

మాస్టారు లేచి ఒక చాప చుట్టారు. మరొకటి చుట్టబోయి ఆగారు. “నిన్ను ఆగమన్నాను” అన్నారు. అందులో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది. “రాజుకు మంత్రులు ఒక్కొక్కడుగా పనికొస్తారు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకపోతేనే ఆయనకు మంచిది. మీది రాజ్యం కాదు, సభ. చేతులెత్తే చోట ప్రతివాడూ తన చెయ్యి ఎత్తేముందు పక్కవాడి చేతివైపు చూస్తాడు.”

“ఇప్పుడేం చెయ్యమంటారు మాస్టారూ? మళ్ళీ ఇంటింటికీ వెళ్ళి చెప్పనా?”

“ఇంటింటికీ వెళ్ళే కదా ఇంత చేశావు.”

దానయ్య అరుగు మీద మిగిలిన చాపలను చూశాడు. అందులో ఒకటి తనది. సాయంత్రం పాఠం మానేసిన ముగ్గురినీ ఒక్కచోటికి తేవాలి, కాళ్ళు పట్టుకునైనా. రేపు ఊరంతా కూర్చున్న చోట నిలబడి, సూరప్పణ్ణి పక్కన పెట్టుకుని, నేనే పంపానని చెప్పాలి. కాంట్రాక్టరు మనుషులు వింటూ ఉంటారు. గవర్రాజు వింటాడు. సింహాచలం వింటాడు. ఇది ఎవరితోనో మాట్లాడుకుని ఆడుతున్న కొత్త నాటకమని అందులో ఏ ఒక్కడికి అనిపించినా పడవలు బోర్లా పడే ఉంటాయి. ఖాదర్ బాబు చూసిన ఆ చూపు ఊరందరి కళ్ళలోనూ కనబడినట్టయింది.

“సభలో అందరి ముందూ చెప్పేస్తాను మాస్టారూ. ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.” వీధివైపు తిరగబోయి ఆగాడు. “వాళ్ళు నన్ను నమ్ముతారంటారా?”

సోమశేఖరం మాస్టారు చుట్టిన చాపను మళ్ళీ పరిచి, దాని మీద దుమ్ము దులిపారు.

“మంచి ప్రశ్న దానయ్యా,” అన్నారు. “పోయిన ఆదివారమే అడిగి ఉండవలసింది.”